ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల సంచులు షాపులో పెట్టుకోవచ్చా?

జిరాక్స్‌_సికింద్రాబాద్:
స్టేషన్‌కు దగ్గర్లో మాకు జిరాక్స్ షాపు ఉంది. రాత్రి షట్టర్ దించాక మెట్ల మీద నలుగురైదుగురు పడుకుంటారు, పొద్దున్నే అడ్డా మీదికి కూలికి పోతారు. బాధంతా వాళ్ల సంచులతోనే. మొన్న గోడవారన ఉన్న మూటను చెత్త అనుకుని బండిలోకి ఎత్తేశారు. అందులో ఒక మేస్త్రి తాపీ, గుండు దారం, ఆధార్, కూతురి స్కూల్ ఫొటో ఉన్నాయి. మర్నాడు ఆయన పనికి పోలేదు, చేతిలో తాపీ లేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు? స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టుకోమందామంటే అక్కడ టికెట్ చూపాలి, సామానుకు తాళం ఉండాలి. గోనెసంచికి తాళం ఎక్కడ వేస్తాం? మా షాపు వెనక చిన్న గది ఖాళీగా ఉంది. అందులో పెట్టిద్దామని ఉంది కానీ పోలీసులంటే కాస్త టెన్షన్. ఇలా చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

కొత్తపేట_కుర్రాడు:
వద్దు అన్నా. సంచిలో ఏదైనా దొరికితే ముందు నీ షట్టరే మూయిస్తారు.

షెల్టర్‌లో_పనిచేశా:
భయం ఉండాల్సిందే, కానీ దానికి దారి ఉంది. సంచి తీసుకునేటప్పుడు మనిషి ముందే విప్పించి చూడండి, చాటుగా మాత్రం వద్దు. తిండి, డబ్బు, మద్యం సీసాలు తీసుకోకండి. ఒక నోట్‌బుక్‌లో పేరు, తేదీ రాసి, ఒకే నంబరు రెండు అట్టముక్కల మీద వేసి ఒకటి సంచికి కట్టండి, ఒకటి ఆయన చేతికివ్వండి. చీటీ పోవడం మామూలే, అందుకని ఆయన ఒప్పుకుంటే ఫొటో ఒకటి ఉంచుకోండి. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎస్ఐ గారికి ఒక మాట చెప్పి, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు టైము. అడ్డా ఆరింటికే నిండిపోతుంది, మీ షాపు తొమ్మిదికి గానీ తెరవరు. ఆ మూడు గంటలు సంచి ఎవరి దగ్గర? అందుకే వాళ్లంతా టీ కొట్టులో పెట్టి పోతారు, టీ కొట్టు ఐదింటికే తెరుస్తారు కాబట్టి. తాళంచెవి టీ కొట్టాయనకు ఇవ్వగలిగితేనే మీ గది పనికొస్తుంది.

ఇల్లు లేనివాళ్లకు షెల్టర్లు ఉన్నాయి కదా అంటారు. లక్ష జనాభాకు వందమంది పట్టే షెల్టర్ ఒకటి, 24 గంటలూ తెరిచి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లోనే ఉండేది. మేం మాత్రం పొద్దున్నే ఖాళీ చేయించేవాళ్లం, సంచులతో సహా.

ఎల్ఏ_తెలుగు:
లాస్ ఏంజెలిస్‌లో ఉంటాను. ఇక్కడ డౌన్‌టౌన్‌లో స్కిడ్ రో అనే పేటలో 60 గ్యాలన్ల చక్రాల డబ్బాలు మనిషికొకటి ఇచ్చి గోదాంలో భద్రపరుస్తారు. మన ఇళ్ల ముందు చెత్తకు పెట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలే, కానీ మూత వేసి ఉంటే ఎవరూ ముట్టరు. రోడ్డు మీద కాసేపు వదిలిన సామానును నోటీసు లేకుండా ఎత్తి పారేస్తున్నారని కొందరు సిటీ మీద కేసు వేస్తే, 2012లో ఫెడరల్ అప్పీల్ కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. పక్కన మనిషి లేనంత మాత్రాన అది దిక్కులేని సొత్తు కాదని.

టీబీ_మందులు:
ఒక్క మాట. సంచిలో టీబీ మాత్రలుంటే వాటిని లోపల పెట్టించకండి, జేబులోనే ఉంచుకోమనండి. సాయంత్రం మీరు షాపు కట్టేసి పోతే ఆ పూట మందు తప్పిపోతుంది.

జిరాక్స్‌_సికింద్రాబాద్:
టీ కొట్టు యాదగిరన్నను అడిగాను. తాళం ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ, "సంచులు మాత్రం నేను విప్పి చూడను, అది నువ్వే చూసుకో" అన్నాడు. అంటే సంచులు రాత్రి నేను షట్టర్ దించేలోపే తీసుకోవాలి, పొద్దున కాదు. ఆధార్ జిరాక్స్ ఒకటి తీసి ఎవరి సంచిలో వాళ్లకు పెడతా, దానికి డబ్బులేం వద్దు. ఆడవాళ్లిద్దరు ఉన్నారు, వాళ్ల సంచులు మా ఆవిడ చూస్తానంది.