పొదుగుతున్న పిట్టను ఫోటో తీయొచ్చా? మన పక్షి ఫోటోల గ్రూపులో రూలు పెడదామా, వద్దా?

టెక్సాస్ టాండెం
నేను డాలస్‌కి దక్షిణంగా ఒక డ్రాప్‌జోన్‌లో, అంటే పారాచూట్లతో దూకే మైదానంలో, టాండెం ఇన్‌స్ట్రక్టర్‌ని. మొదటిసారి దూకేవాళ్లను నా ముందు హార్నెస్‌తో కట్టుకుని విమానంలోంచి దూకడం నా పని. మార్చి వచ్చిందంటే మాకు చేతిలో డబ్బు ఆడదు. మాకు జీతం లేదు, దూకితేనే డబ్బు. పొద్దున్నే వచ్చి హార్నెస్‌లు సరిచూసుకుంటాం, పైగాలుల అంకెలు బోర్డు మీద రాస్తాం, పదయ్యేసరికి ఈదురుగాలి మొదలు, మబ్బూ కమ్ముతుంది. మబ్బులోంచి దూకకూడదు, అది ఫెడరల్ రూలు. ఇక హ్యాంగర్‌లో కూర్చోవడమే. కస్టమర్లు టెన్షన్‌తో బాత్రూమ్ చుట్టూ తిరుగుతుంటారు, పారాచూట్లు మడతపెట్టే ప్యాకర్లు ఫోన్లలో మునిగిపోతారు, నేను లెన్స్ పట్టుకుని రన్‌వే చివరికి పోతాను.

అక్కడ కంకర మీద ఒక కిల్‌డీర్ జంట గుడ్లు పెట్టింది. మన తీతువుకి దగ్గరి చుట్టమే, మెడ కింద రెండు నల్ల పట్టీలుంటాయి. గూడంటూ ఏమీ లేదు. రాళ్లలో చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు, సన్నటి కొనలన్నీ లోపలికి. ఏది రాయో ఏది గుడ్డో తెలియాలంటే వంగి చూడాలి. ట్విన్ ఆటర్ విమానం దుమ్ము లేపుతూ పక్కనుంచి పోయినా ఆ పిట్ట కదలదు. మనిషి నడిచొస్తే మాత్రం లేచిపోతుంది. రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, తోక విప్పి నారింజ రంగు చూపిస్తూ మనల్ని అవతలికి లాక్కుపోతుంది.

మొన్న మావైపు వచ్చిన కొందరు మిత్రులు ఆ రెక్క విరిగిన పోజు కోసం దాన్ని పదేపదే లేపారు. ఫోటోలు ఇక్కడే పెట్టారు, లైకులూ బాగా వచ్చాయి. మార్చి నుంచి జూన్ దాకా గూటి ఫోటోలు ఈ గ్రూపులో పెట్టొద్దని రూలు చేద్దామంటాను. మా ఆటలో 200 జంప్‌లు పూర్తయ్యేదాకా కెమెరా పెట్టుకోవద్దని యూఎస్‌పీఏ, అంటే అమెరికా పారాచూట్ సంఘం, చెబుతుంది. కెమెరా ఉంటే బుద్ధి ఫ్రేము మీదికి పోతుంది, ఎత్తు మీద ఉండదు. నేల మీదా ఇంతే. కాకపోతే మా దగ్గర దెబ్బ తగిలేది కెమెరా పట్టినవాడికి, ఇక్కడ పిట్టకి.

గూడూరు కుర్రాడు
అన్నా, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఇది మరీ ఎక్కువ. గూటి దగ్గర కూర్చుని తీసినవాళ్లు లేకపోతే మనకు పక్షుల గురించి ఇంత తెలిసేదా? సింగపూర్ పక్షి ఫోటోగ్రాఫర్ లోక్ వాన్ థో మన దేశమొచ్చి, పక్షి శాస్త్రవేత్త సలీం అలీతో తిరిగి, హైడ్‌లలో (పిట్టలకు కనపడకుండా దాక్కునే మరుగుల్లో) కూర్చుని తీశాడు. ఇంగ్లండ్ పక్షి ఫోటోగ్రాఫర్ ఎరిక్ హోస్కింగ్‌కి 1937లో గూటి దగ్గర గుడ్లగూబ తన్ని ఎడమ కన్ను పోయింది, అయినా ఫోటోలు మానలేదు. మా నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్ల మీద ఉన్నప్పుడే కదా జనం పిల్లల్ని తీసుకొచ్చి చూపించేది? ఆ ఫోటోలే పెట్టొద్దంటే ఏం పెట్టాలి, కరెంటు తీగ మీద కాకులా?

ఇంకో మాట. మీ విమానం రోజంతా ఎక్కుతూ దిగుతూ ఇంధనం తగలేస్తుంటే లేని ఇబ్బంది, ఒక లెన్స్‌తో వచ్చిందా?

సెక్షన్ రెండు
చట్టం సంగతి కూడా చూడండి. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లు పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం ఉన్నాయి. ఫోటో తీయడం నేరం కాదు. కానీ అడ్డొచ్చిన కొమ్మ విరిచి, ఆకులు తప్పించి తీస్తే తుపాకీ పట్టకపోయినా వేటగాడి లెక్కలోకి వస్తారు. ఫోటోలో గూడు మరీ శుభ్రంగా, ఒక్క ఆకు అడ్డం లేకుండా కనిపిస్తే నాకైతే మొదట అనుమానమే వస్తుంది.

ఉప్పలపాడు గట్టు
అందరినీ ఒకే గాటన కట్టకండి. మాది గుంటూరు పక్క ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు గూళ్లు కడతాయి. గట్టు మీద బైకులు పోతుంటాయి, పిల్లలు కేకలేస్తుంటారు, వాటికి పట్టదు. గట్టు మీద నిలబడి గూడు తీస్తే ఎవరికి నష్టం? గట్టు దిగి నీళ్లలోకి పోతే అప్పుడు మాట్లాడండి. మీరు చెప్పేది నేల మీద గుడ్లు పెట్టే పిట్టల సంగతి. రూలు పెడితే వాటికే పెట్టండి.

పాలమూరు పొలం
నేల మీద పొదిగేవాటి గురించి నేను చూసింది చెబుతా. మా చెలకల్లో ఎర్ర తీతువులు ఎండాకాలం మొదట్లోనే గుడ్లు పెడతాయి. రాత్రి అది అరిస్తే కీడని మా పెద్దలు తిట్టుకుంటారు, కానీ దున్నేటప్పుడు గుడ్లు కనిపిస్తే నాగలి తిప్పుకుని పోయేవాళ్లూ వాళ్లే. మధ్యాహ్నం ఆ పిట్ట నీటి గుంటకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ ఎండలో గుడ్డుకి కావాల్సింది వేడి కాదు, చల్లదనం. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు అరగంట నిలబడితే అది గుడ్ల మీదికి రాలేక చుట్టూ తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది. మీకేమో యాక్షన్ షాట్, లోపల గుడ్డు ఉడికిపోతుంటుంది. అందరం వెళ్లిపోయాక ఏమైందో చూడటానికి మళ్లీ ఎవడొస్తాడు?

ఫ్రిస్కో అమ్మాయి
పిట్టలే కాదు, పూల సంగతీ అడగండి. ఏప్రిల్‌లో డాలస్ దగ్గరి ఎన్నిస్ ఊరు వెళ్లి చూడండి, బ్లూబానెట్లనే నీలి అడవిపూల మధ్య పట్టుచీరలతో మన ఫ్యామిలీలే. ఒకళ్లు కూర్చున్న చోట మొక్క నలిగిపోతుంది, విత్తనం కట్టదు, వచ్చే ఏడాది అక్కడ పువ్వుండదు. అది టెక్సాస్ రాష్ట్ర పుష్పం కూడా. ఒక్కటే తృప్తి, ఫైర్ యాంట్స్ కుడితే ఎవరూ రెండోసారి కూర్చోరు. సారీ, టాపిక్ పక్కకి పోయింది.

గూడూరు కుర్రాడు
పాలమూరు అన్న చెప్పింది ఒప్పుకుంటా, ఎండ సంగతి నిజమే. కానీ టెక్సాస్ అన్నకి ఒక ప్రశ్న. మీరే చేతికి కెమెరా కట్టుకుని కస్టమర్ల వీడియో తీస్తారు కదా? 200 జంప్‌ల నీతి మాకు, వీడియో ప్యాకేజీ డబ్బులు మీకా?

టెక్సాస్ టాండెం
తమ్ముడూ, మంచి ప్రశ్నే. తీస్తాను, దానికి డబ్బూ వస్తుంది. కానీ టాండెం చేయాలంటేనే మూడేళ్ల అనుభవం, 500 జంప్‌లు కావాలి. కెమెరా ఆ తర్వాతి మాట. 13,500 అడుగుల దగ్గర తలుపు తెరిస్తే కింద పదిహేను డిగ్రీలున్న రోజున కూడా పైన గడ్డకట్టే చలి. దూకాక డ్రోగ్, అంటే వేగం తగ్గించే చిన్న పారాచూట్, వేయాలి, హ్యాండిళ్లు వరుసగా తడిమి చూసుకోవాలి. అవన్నీ అయ్యాకే చేయి కస్టమర్ ముఖం వైపు తిప్పుతాను. నా కళ్లు ఎత్తు చూపే ఆల్టిమీటర్ మీదే. 5,500 అడుగులకి పెద్ద పారాచూట్ తెరవాలి, ఉన్నది నిమిషం లోపు. నవ్వు ఫ్రేములో పడిందా లేదా అనేది కిందకి దిగాకే తెలుస్తుంది. సగం వీడియోల్లో గడ్డం మాత్రమే పడుతుంది, కస్టమర్లు గొణుగుతారు కూడా. పడనీ. నేనడిగేదీ ఇదే, ముందు పని, తర్వాత ఫ్రేము.

విమానం ఇంధనం మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ పిట్టకి విమానం శత్రువు కాదు, రెండు కాళ్ల మీద నడిచొచ్చేది శత్రువు. ఆవులు తొక్కబోతే రెక్క నాటకం ఆడదు, ఎదురు తిరిగి మీదకొస్తుంది. ఎవరి దగ్గర ఏం చేయాలో దానికి తెలుసు. అందుకే నేను గోల్ఫ్ కార్ట్‌లోంచి దిగకుండా తీస్తున్నాను. లేవదు.

ఉప్పలపాడు గారి సవరణ నాకు ఇష్టమే. నేల మీద పొదిగేవాటికి మాత్రమే రూలు పెడదాం.

గూడూరు కుర్రాడు
కార్ట్‌లోంచి తీస్తే పైనుంచి కిందికి చూసినట్టు వస్తుంది అన్నా. పిట్ట కంటి ఎత్తులో, నేల మీద పడుకుని తీస్తేనే అది ఫోటో. లేకపోతే రికార్డు కోసం తీసిన ముక్క.

పాలమూరు పొలం
అయితే రికార్డు ముక్కే తియ్యి తమ్ముడూ, కొంపేం మునగదు. లేదంటే పిల్లలయ్యేదాకా ఆగు. తీతువైనా, ఆ కిల్‌డీర్ అయినా, ఈకలు ఆరగానే పిల్లలు లేచి నడుస్తాయి, గూటికి కట్టుబడి ఉండవు. అవి మేత వెతుక్కుంటూ తిరుగుతుంటే నువ్వు దూరంగా ఒకచోట పడుకుని ఉండు, కదలకు. అవే నీ ముందుకొస్తే నీ కంటి ఎత్తు ఫోటో నీకు దొరుకుతుంది.

టెక్సాస్ టాండెం
కిల్‌డీర్ పొదిగేది 24 నుంచి 28 రోజులు. ఆ మాత్రం ఆగలేమా?

గూడూరు కుర్రాడు
మీరు డ్రాప్‌జోన్‌లోనే ఉంటారు, ఆగగలరు. మాకు దొరికేది ఒక్క ఆదివారం. నేల మీద గుడ్లున్నచోటికి నడిచి పోకూడదంటే సరే, నా వరకు నేను మానేస్తా. కానీ ఫోటోలు తీసేయించే రూలుకి మాత్రం నా ఓటు వ్యతిరేకమే. అది కార్ట్‌లోంచి తీసిందో, పిట్టని లేపి తీసిందో ఫోటో చూసి అడ్మిన్ ఎలా చెప్తాడు? రెక్క విరిగిన పోజులు పెట్టొద్దనండి, అది చూస్తేనే తెలుస్తుంది. అంతవరకైతే రాయండి, సంతకం పెడతా.