‘మత్తు పుట్టగొడుగులు’ – ఈ మాట నిలుస్తుందా?

ప్రొద్దుటూరు పాఠకుడు
సభ్యులకు నమస్కారం. సైలోసైబిన్ అనే రసాయనం ఉన్న పుట్టగొడుగుల వార్త ఎక్కడ వచ్చినా ‘మత్తు పుట్టగొడుగులు’ అనే రాస్తున్నారు. ఇట్లాంటి రసాయనాలను పిలిచే ‘సైకెడెలిక్’ అన్న మాటకైతే మత్తుపదార్థం, మాదకద్రవ్యం, భ్రాంతిజనకం, చిత్తవికాసకం అని నాలుగు రకాలు కనబడుతున్నాయి. మెదడు పరిశోధన మీద తెలుగులో వ్యాసం రాసేవాళ్లు ఏది వాడాలి? కాన్షస్‌నెస్ అంటే చైతన్యమా, స్పృహా? అది కూడా తేల్చండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
మత్తు కుదరదు సార్. ఆసుపత్రిలో మత్తు డాక్టరంటే ఆపరేషన్‌కు ముందు అనస్థీషియా ఇచ్చేవారు. ‘ఇంకా మత్తు దిగలేదు’ అంటే మగత వదల్లేదని. కల్తీ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలం చేసేదీ అదే. మెదడులో గాబా అనే రసాయనం వేసే బ్రేకును ఇంకా గట్టిగా తొక్కిస్తాయి. నల్లమందుది ఓపియాయిడ్ గ్రాహకాల (కణం మీద రసాయనం అతుక్కునే తావుల) దారి, అయినా చివరికి కమ్మేది మగతే. వీటికి మత్తు అన్న మాట అతికినట్టు సరిపోతుంది.

సైలోసైబిన్ దారి వేరు. ఒంట్లోకి పోయాక దాని ఫాస్ఫేట్ ముక్క ఊడిపోయి సైలోసిన్ అవుతుంది, అసలు పని చేసేది ఈ సైలోసినే. మెదడులో ఉండే సెరటోనిన్ అనే రసాయనాన్ని పోలి ఉంటుంది కాబట్టి 5-హెచ్‌టీ2ఏ అనే సెరటోనిన్ గ్రాహకాన్ని పట్టుకుంటుంది. మెదడు పైపొరలో, అందులోనూ ఐదో వరుస పిరమిడ్ కణాల మీద ఈ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. 1998లో జ్యూరిక్‌లో ఫ్రాంజ్ ఫోలెన్‌వైడర్ బృందం ముందుగా కెటాన్సెరిన్ అనే మందు ఇచ్చి ఆ గ్రాహకాన్ని మూసి, తర్వాత సైలోసైబిన్ ఇచ్చింది. కలగాల్సిన అనుభవం కలగలేదు. దీని పని ఈ గ్రాహకం దారినే అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

గుళిక మింగిన అరగంట, ముప్పావుగంటకు మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఆ సేపంతా మనిషి నిద్రపోడు, పలకరిస్తే పలుకుతాడు. బీపీ, గుండె వేగం కొంచెం పెరుగుతాయి, తగ్గవు. దీన్ని మత్తు అని ఎట్లా అంటాం?

గండికోట (కడప జిల్లా)
మత్తును అంత తేలిగ్గా మగతకు రాసియ్యొద్దన్నా. ‘మద్’ ధాతువు నుంచి మత్త, మత్త నుంచి మత్తు. మత్తేభం అంటే కునికే ఏనుగు కాదు, మదమెక్కి గొలుసు తెంచుకునే ఏనుగు. మత్తకోకిల వసంతంలో గొంతెత్తి కూస్తుందే గానీ కొమ్మ మీద తూగదు. (పదకొండో అక్షరం దగ్గర యతి కుదరక మన కవులే తూగుతారు, అది వేరే సంగతి.) మాదకం, ఉన్మాదం, ఉమ్మెత్త అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఉన్మత్తకు వికృతి ఉమ్మెత్త. కైపు, నిషా మాత్రం ఉర్దూ మీదుగా వచ్చినవి. కాబట్టి పాత అర్థంలో తీసుకుంటే పత్రికలవాళ్లది మరీ తప్పేం కాదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
వ్యుత్పత్తికి అడ్డు చెప్పను గండికోటన్నా. కానీ పేపరు చదివేవాని చెవిలో ఈ రోజు అర్థమే పలుకుతుంది. కొలిచిన లెక్క కూడా ఒకటుంది. 2017లో సస్సెక్స్, ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ, తక్కువ మోతాదు కెటమిన్ తీసుకున్నవాళ్ల మెదడు సంకేతాలను మాగ్నెటోఎన్‌సెఫలోగ్రఫీతో (మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పద్ధతితో) చూసినారు. సంకేతం ఎంత ఊహించరానిదిగా, ఎంత రకరకాలుగా ఉందో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. గాఢనిద్రలో, అనస్థీషియాలో ఆ లెక్క మామూలు మెలకువ కన్నా కిందికి పోతుంది. ఈ మూడింటిలో మెలకువ కన్నా పైకి పోయింది. మత్తు డాక్టరిచ్చే మందు, ఈ పదార్థాలు ఆ కొలతలో ఎదురుబొదురు దిక్కుల్లో ఉన్నాయి. రెండింటికీ ఒకే మాట ఎట్లా పెడతాం?

అనంత (అనంతపురం)
ఉమ్మెత్త పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. వినాయక చవితి పత్రిలో ‘హరసూనవే నమః’ అంటూ వేసే దత్తూర పత్రం ఇదే, బీడుభూముల్లో, దిబ్బల మీద మొలుస్తుంది. ఇది కూడా లేనివి చూపిస్తుంది కదా అని సైకెడెలిక్ జాబితాలో కలిపేవాళ్లున్నారు. అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

ఉమ్మెత్తలో ఉండేవి అట్రోపిన్, హయోసయమిన్, స్కోపొలమిన్. ఇవి ఎసిటైల్‌కొలిన్ అనే నరాల రసాయనం పని చేసే మస్కరినిక్ గ్రాహకాలను మూసేస్తాయి. నోరు పిడచగట్టుకుపోతుంది, చెమట పట్టదు, అందువల్ల ఒళ్లు కాలిపోతుంది, ముఖం ఎర్రబడుతుంది, కంటిపాపలు పెద్దవై దగ్గరి అక్షరం కనపడదు, మూత్రం బిగుసుకుంటుంది, గుండె పరిగెత్తుతుంది. మనిషి గాల్లో దారాలు లాగుతున్నట్టు, దుప్పటి మీద ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు. పక్కన లేని మనిషితో మాట్లాడతాడు, ఉన్నాడనే నమ్ముతాడు. ఒకటి రెండు రోజులు ఇట్లే ఉండొచ్చు, తేరుకున్నాక చాలాసార్లు గుర్తుండదు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. తెలుగులో సన్నిపాతం, ఉన్మాదం దగ్గరి మాటలు.

పైగా ఈ విషరసాయనాల (ఆల్కలాయిడ్ల) పాలు చెట్టుకు చెట్టుకు, ఆకుకు గింజకు మారుతుంది. ‘ఇంత తింటే ఏం కాదు’ అని చెప్పే కొలతే లేదు.

ఇంకొకటి, ఉమ్మెత్త గింజను మిరపగింజ అని పొరబడతారు. మన న్యాయవైద్యంలో ఇది పాత పాఠమే. ఉమ్మెత్త గింజ పెద్దది, మందం, మూత్రపిండం ఆకారం, గోధుమ రంగు, ఒంటి నిండా సన్న గుంటలు, అంచు రెండు గీతలుగా ఉంటుంది. మిరపగింజ పలచన, లేత పసుపు, నున్నగా, అంచు ఒకే గీత. నిలువునా కోసి భూతద్దంలో చూస్తే మిరపగింజలో పిండం లోపలికి చుట్టుకుని ఉంటుంది, ఉమ్మెత్తలో కొన బయటికి తిరిగి ఉంటుంది. నలిపితే మిరప ఘాటు కొడుతుంది, ఉమ్మెత్తకు వాసనే లేదు. రుచి చూసి తేల్చుకోవద్దు. అనుమానమొస్తే కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన గింజలు పొట్లం కట్టి వెంట తీసుకుపోండి.

పెన్న గాలి (జమ్మలమడుగు)
అనంతక్కా, చాలా బాగా చెప్పినారు. అయితే ‘భ్రాంతిజనకం’ ఉమ్మెత్తకే సరిపోతుందా? తాడు పామై కనబడితే శంకరాద్వైతులు భ్రాంతి అన్నారు. అక్కడ తాడు ఉంది. ఏమీ లేనిచోట పాము కనబడితే ఏమనాలి?

అనంత (అనంతపురం)
అసలు చిక్కు అక్కడే తమ్ముడూ. మానసిక వైద్యంలో ఇవి మూడు. ఉన్నది వేరేగా కనబడటం ఒకటి, లేనిది కనబడటం రెండు, కనబడినా కనబడకపోయినా తప్పు నమ్మకం గట్టిపడటం మూడు. తెలుగు పుస్తకాల్లో భ్రమ, భ్రాంతి, విభ్రమం ఈ మూడింటి మధ్య ఒక్కోచోట ఒక్కోలా తిరుగుతుంటాయి.

సైలోసైబిన్‌లో ఎక్కువగా కనబడేది మొదటిది. గోడ ఊపిరి పీల్చినట్టు కదలడం, రంగులు చిక్కబడటం, కళ్లు మూస్తే గళ్లూ చక్రాలూ. ‘ఇది మందు వల్ల’ అన్న తెలివి చాలావరకు ఉంటుంది. ఉమ్మెత్తలో రెండోదీ మూడోదీ కలిసి వస్తాయి, ఆ తెలివి పోతుంది. కాబట్టి భ్రాంతిజనకం అని రెండింటినీ ఒకే గంపలో వేస్తే, పామైన తాడునూ తాడే లేని పామునూ కలిపేసినట్టే.

గండికోట (కడప జిల్లా)
అట్లయితే చిత్తవికాసకం? వినసొంపుగా ఉంది. గ్రీకు మూలం కూడా అదే కదా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
మూలం అది కాదన్నా. 1956లో మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ రచయిత ఆల్డస్ హక్స్‌లీకి రాసిన ఉత్తరంలో కట్టిన మాట సైకెడెలిక్. మనసు, బయటపెట్టడం అనే రెండు గ్రీకు మాటలు కలిపినాడు. అందులో ‘బయటపెట్టడం’ ఉంది గానీ ‘వికసించడం’ లేదు. బయటపడేది భయం కూడా కావచ్చు.

వికాసకం అంటే ముందే మార్కులేసినట్టు. ఈ పరిశోధనలకు ఉన్న పెద్ద జబ్బే అది. 2006లో జాన్స్ హాప్కిన్స్‌లో రోలాండ్ గ్రిఫిత్స్ బృందం 36 మందికి ఒక విడత సైలోసైబిన్, ఇంకో విడత మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకం ఇచ్చింది. ఒంట్లో ఏదో జరిగినట్టు తెలిసే మందును పోలికకు పెట్టకపోతే ఎవరికి ఏది ఇచ్చినారో ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో చోట నియాసిన్ అనే విటమిన్ ఇచ్చినారు, ముఖం వేడెక్కి ఎర్రబడుతుందని. అయినా చాలామంది పోల్చుకుంటారు, పక్కన కూర్చున్న పర్యవేక్షకులు కూడా పోల్చుకుంటారు. ‘నాకు అసలు మందే పడింది, బాగైపోతాను’ అన్న ఆశ, ‘నాకు ఉత్తది పడింది’ అన్న నిరాశ రెండూ ఫలితంలో కలిసిపోతాయి. ఏది మందు పని, ఏది ఆశ పని అని విడదీయడం కష్టం. ఇక అంగీకార పత్రంలోనే చిత్తవికాసకం అని రాస్తే ఆ ఆశను మనమే పెంచినట్టవుతుంది.

ప్రొద్దుటూరు పాఠకుడు
అట్లయితే సైకెడెలిక్ అని తెలుగు లిపిలోనే ఉంచేద్దాం. మరి చైతన్యమా, స్పృహా?

అనంత (అనంతపురం)
రెండూ కావాలి. ‘స్పృహ ఉందా, లేదా, ఎంత ఉంది’ అనేది మెలకువ స్థాయి. దాన్ని అనస్థీషియా తగ్గిస్తుంది. ఆ మెలకువలో ఏం అనుభవమవుతోంది, ‘నేను’ అన్న గీత ఎక్కడుంది అనేది వేరే ప్రశ్న, సైకెడెలిక్స్ మార్చేది దాన్ని. దానికి ఎరుక బాగుంటుంది. వేమన చదివిన సీమకు ఎరుక అన్న మాట కొత్త కాదు. చైతన్యం పెడితే ‘చైతన్య యాత్ర’, ‘ఓటరు చైతన్యం’ అడ్డొస్తాయి. వేదాంత వ్యాసమైతే వాడుకోండి.

పెన్న గాలి (జమ్మలమడుగు)
ఎరుకకు నా ఓటు. మా వైపు ‘నాకు ఎరికే’ అని రోజూ అంటాం.

ప్రొద్దుటూరు పాఠకుడు
మీరంతా చెప్పింది పెట్టి ఒక పేరా రాసినా, తప్పులుంటే దిద్దండి:

“2022లో ప్రచురించిన పరీక్షలో, మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 233 మందికి పుట్టగొడుగులు 25, 10, 1 మి.గ్రా. చొప్పున ఇచ్చారు. మూడు వారాలకు కుంగుబాటు స్కోరు 12, 7.9, 5.4 పాయింట్లు తగ్గింది. సైకెడెలిక్ వల్ల రోగుల ఎరుక మారి జబ్బు నయమైంది.”

హంద్రీ ఒడ్డు (కర్నూలు)
అంకెలు సరైనవే, మాటల్లో మూడు చోట్ల పట్టు తప్పింది సార్.

‘పుట్టగొడుగులు 25 మి.గ్రా.’ కాదు, ‘ప్రయోగశాలలో తయారుచేసిన సైలోసైబిన్ 25 మి.గ్రా.’ అని రాయండి. పుట్టగొడుగులో పదార్థం జాతిని బట్టి, ఒకే కోతలో కూడా కాయ కాయకూ మారుతుంది. అందుకే పరీక్షల్లో శుద్ధమైన గుళికే వాడతారు. మీ వాక్యం చదివి ఎవరన్నా త్రాసు తీసుకుని పుట్టగొడుగు తూచితే బాధ్యత మనది.

‘ఇచ్చారు’ ఒక్కటే సరిపోదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్నవాళ్లను, తరచుగా తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో ఉన్నవాళ్లను కూడా ముందే పక్కన పెడతారు. సెరటోనిన్ మీద పనిచేసే కుంగుబాటు మందులు వాడుతుంటే మెల్లగా తగ్గించి ఆపిస్తారు. ముందుగా మాట్లాడి సిద్ధం చేసే విడతలు ఉంటాయి. గుళిక రోజు కళ్లగంతలు, సంగీతం, పక్కనే శిక్షణ పొందిన మనిషి, ఆరు నుంచి ఎనిమిది గంటలు. మర్నాడు మళ్లీ మాటలు. ఇదంతా కలిసే ఆ ఫలితం.

‘నయమైంది’ తీసేయండి. 25కూ 1కీ మధ్య తేడా గణాంకాలకు నిలబడింది, 10కీ 1కీ మధ్య నిలబడలేదు. 77 శాతం మందికి తలనొప్పి, వికారం, తలతిరుగుడు లాంటి ఇబ్బందులొచ్చినాయి. ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం మూడు గుంపుల్లోనూ కనబడ్డాయి. ఎరుక మారడం వల్లే తగ్గిందా, ఎరుక మారకుండా గ్రాహకం చేసిన పనికి తగ్గిందా అనేది ఈ పరీక్ష తేల్చలేదు. ‘వల్ల’ అన్న మాట కొట్టేసి ‘తర్వాత’ అని రాయండి.

గండికోట (కడప జిల్లా)
మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ నిషేధితాలని కూడా ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యంలో మాత్రం ‘మాదకద్రవ్యాలు’ అనకండి. చట్టం వాటిని ‘సైకోట్రోపిక్’ (మనసు మీద పనిచేసే) పదార్థాల పట్టికలో పెట్టింది, నల్లమందు, గంజాయి ఉండేది ఇంకో గడిలో.