వాము నూనె కలిపితే కోళ్లకు యాంటీబయాటిక్ సగం డోసు చాలా?

కోళ్లషెడ్డు_కల్లూరు:
కర్నూలు పక్కన మాకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. మేత అమ్మే ఏజెంటు ఒకాయన వచ్చి, తాగే నీళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ సగమే వేసి, మిగతా సగానికి బదులు వాము నూనె కలపమన్నాడు. సాల్మొనెల్లా, ఈ-కోలై బ్యాక్టీరియాలు రెండూ అదుపులో ఉంటాయట. ల్యాబ్‌లో రుజువైందని ఫోన్‌లో గ్రాఫ్ కూడా చూపించాడు. మందుల ఖర్చు తగ్గుతుందంటే ఎవరికి చేదు? కానీ నమ్మబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వాము_గింజ_ఆలూరు:
ఎందుకు నమ్మవన్నా? మన కర్నూలు యార్డుకొచ్చే వాముకు ఆ ఘాటు థైమాల్ అనే పదార్థం వల్లే. అది బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తుంది, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. పొర వదులైతే మందు సులువుగా లోపలికి దూరుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు మందును బయటికి తోసే పంపులు పెట్టుకుని ఉంటాయి. ఇలాంటి నూనెలు ఆ పంపులనూ మందగింపజేస్తాయని పరిశోధనలున్నాయి. పంటకు రేటు లేదని ఏడుస్తాం, తీరా వాడుక చూపిస్తే అనుమానపడతాం!

ప్లేటు_96:
అనంతపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నా. అన్న చెప్పింది తప్పు కాదు. కానీ ఆ గ్రాఫ్ ఎలా పుడుతుందో వినండి. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో అడ్డంగా మందు, నిలువుగా నూనె, ఒక్కో గుంటకు సగానికి సగం తగ్గించుకుంటూ పోతాం. అన్నింట్లో ఒకే లెక్కన బ్యాక్టీరియా వేసి, 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచుతాం. పొద్దున రెసజురిన్ అనే నీలం రంగు చుక్క వేస్తే, గులాబీకి తిరిగిన గుంటలో బ్యాక్టీరియా బతికున్నట్టు.

మందు ఒక్కటే అయితే 4 మైక్రోగ్రాములు కావాల్సిన చోట, నూనె తోడుంటే 1 సరిపోయిందనుకోండి. అది నాలుగో వంతు, అంటే 0.25. నూనె కూడా తన మామూలు మోతాదులో నాలుగో వంతుకే పనిచేస్తే ఇంకో 0.25. మొత్తం 0.5. అంతకు మించకుండా ఉంటేనే సినర్జీ, అంటే ఒకదానికొకటి బలమివ్వడం అంటారు. ఈ మొత్తం 0.5 దాటి 4 వరకు ఉంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. 4 దాటితే ఒకదాన్ని ఒకటి చెడగొడుతున్నట్టు. 0.7 వచ్చినా ‘పాక్షిక సినర్జీ’ అని పేరు పెట్టి రాసేవాళ్లకు కొదవ లేదు. ఆయన చూపించిన అంకె ఎంతో అడగాల్సింది.

ఇంకో చిక్కు. నూనె నీళ్లలో కలవదు. మేం ట్వీన్ 80 లాంటిది, నూనెను నీళ్లలో కలిపే పదార్థం, వేసి కలుపుతాం. మీ ట్యాంకులో అది పైన తేలుతుంది. ముందు తాగిన కోళ్లకు ఉత్త మందు నీళ్లే, ట్యాంకు అడుగంటే వేళకు నూనె.

వాము_గింజ_ఆలూరు:
నీళ్లలో కలిసేలా ఎమల్షన్ చేసి అమ్ముతున్నారు కదా తమ్ముడూ. నీకన్నీ అడ్డంకులే.

ప్లేటు_96:
తమ్ముణ్ని కాదన్నా, చెల్లెల్ని.

పశువైద్యం_ప్రొద్దుటూరు:
ఎమల్షన్‌తో తేలే సంగతి కాదిది. సాల్మొనెల్లా తిష్ట వేసేది కోడి పేగు చివర్లో, సీకా అనే జంట సంచుల్లో. థైమాల్ చాలావరకు చిన్నపేగు మొదటి భాగం దాటకముందే రక్తంలోకి వెళ్లిపోతుంది. అందుకే నూనెకు కొవ్వు పూత పూసిన ఉత్పత్తులు వచ్చాయి. ప్లేటులో మందూ నూనే ఒకే గుంటలో రాత్రంతా కలిసుంటాయి, కోడిలో ఆ వీలు లేదు. నూనె అక్కడికి చేరకపోతే మిగిలేది సగం డోసే. అంటే చావని బ్యాక్టీరియాకు మందు అలవాటు చేస్తున్నాం. తక్కువ మోతాదుతో వచ్చే ఈ ముప్పును ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే చెప్పారు.

పైగా ఎన్రోఫ్లాక్సాసిన్ మనుషులకిచ్చే సిప్రోకు దగ్గరి బంధువు. సాల్మొనెల్లాలో ఒక్క జన్యువులో చిన్న మార్పు వచ్చినా ఈ జాతి మందుల పట్టు సడలడం మొదలవుతుంది. అమెరికాలో 2005లోనే కోళ్లకు దీన్ని ఆపేశారు. మన దగ్గర 2019లో కొలిస్టిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించారు. జబ్బు ఖాయమైతే పూర్తి డోసు వేయండి, లేకపోతే అసలు వద్దు. వాము నూనె విడిగా మేతలో వేసుకుంటానంటే నాకే అభ్యంతరమూ లేదు.

ఉగ్గాని_బజ్జి:
మధ్యలో దూరుతున్నా. హోటల్లో పచ్చి చికెన్‌కు వాము నూనె పట్టిస్తే?

ప్లేటు_96:
మాంసంలోని కొవ్వు, ప్రోటీను నూనెను పట్టేసుకుంటాయి. ల్యాబ్‌లో వాడినదానికంటే చాలా ఎక్కువ వేయాలి. అంత వేస్తే ఆ కూర ఎవరూ తినరు. బాగా ఉడికించి వేడిగా పెట్టండి, పచ్చి మాంసం కోసిన పలక మీద ఉల్లిపాయలు కోయకండి.

వాము_గింజ_ఆలూరు:
డాక్టర్ సార్, కొత్త యాంటీబయాటిక్‌లు రావడమే తగ్గిపోయింది. ఉన్నవాటికి బలమిచ్చేదాన్ని కూడా తోసేస్తే రేపేం వాడతారు?

పశువైద్యం_ప్రొద్దుటూరు:
తోసేయలేదయ్యా. కోడిలో చేసి చూపించమంటున్నా. ఒక గుంపుకు పూర్తి డోసు, ఇంకోదానికి సగం డోసుతో నూనె, మూడోదానికి ఉత్త సగం డోసు, నాలుగోదానికి ఏమీ వద్దు. సీకాలో సాల్మొనెల్లా ఎంత మిగిలింది, మిగిలినదాంట్లో మందుకు లొంగనిదెంత? ఆ రెండు లెక్కలూ చూపిస్తే నేనే రాసిస్తా.

వాము_గింజ_ఆలూరు:
అన్ని కోళ్లు, అంత ఖర్చు రైతు యాడ పెడతాడు సార్?

పశువైద్యం_ప్రొద్దుటూరు:
రైతెందుకు పెట్టాలి? అమ్మేవాడు పెట్టాలి.

కోళ్లషెడ్డు_కల్లూరు:
ఇప్పుడే ఏజెంటుకు ఫోన్ చేశా. ఆ లెక్కలు అడిగితే ‘పంపిస్తా సార్’ అన్నాడు. వాళ్ల మేతలో ముందే ఏదైనా యాంటీబయాటిక్ కలిపారా అంటే ‘లేబుల్ చూసుకోండి’ అన్నాడు. లేబుల్ మీద ఆ ఊసే లేదు.

పశువైద్యం_ప్రొద్దుటూరు:
అయితే ఆ మేత కొంచెం తీసి సీలు చేసి పెట్టండి. బ్యాచ్ నంబరున్న సంచి పారేయకండి. టెస్టుకు ఎక్కడికి పంపాలో మీ పశువుల ఆసుపత్రిలో అడుగుదాం.