అమెరికా టర్న్‌టేబుల్ మీద సుబ్బులక్ష్మి గారి గొంతు బరువుగా వస్తోంది, రికార్డు పోయిందా మిషన్ పోయిందా?

కొర్లగుంట కుర్రోడు (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఈ రికార్డుల సంగతిలో నేను పూర్తిగా కొత్త, తప్పుగా ఏమైనా రాస్తే నవ్వుకోండి గానీ జవాబు మాత్రం చెప్పండి.

పోయిన నెల ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీద సామాన్లు దించితే మా తాత ట్రంకు పెట్టె దొరికింది. అందులో అరవై దాకా ఎల్‌పీలు, సినిమా పాటల చిన్న రికార్డులు ఒక కట్ట, అడుగున బరువుగా, తగిలితే పింగాణీ పళ్లెంలా మోగేవి ఓ పది. ఘంటసాల గారి భగవద్గీత రెండు కాపీలు ఉన్నాయి, ఒకటి ఎవరో పెళ్లికి చదివించారట, అట్ట మీద పేర్లు కూడా రాశారు. అన్నిటికంటే ముఖ్యం, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల అయిదు భాగాలూ ఉన్నాయి. ఒక్క అట్టకు చెద పట్టింది, రికార్డులకు ఏమీ కాలేదు.

మా బావ అమెరికా నుంచి వస్తూ అక్కడ ఎవరో ఇంటి ముందు అమ్ముతుంటే కొన్న పాత టర్న్‌టేబుల్ తెచ్చి ఇచ్చాడు. బెల్టుతో తిరిగే రకం. వెనక 110 వోల్టులు అని రాసుంటే గాంధీ రోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టా, తాత వాడిన ఆంప్లిఫయర్‌కి ఫోనో అని ఒక సాకెట్ ఉంటే దానికి కలిపా. పాట వచ్చింది. కానీ గొంతు ఏదో బొంగురుగా, నిద్రలో పాడినట్టుగా వస్తోంది. మా అమ్మమ్మ వంటింట్లోంచే "ఇది సుబ్బులక్ష్మి కాదురా, ఎవరో మగాయన పాడతన్నాడు" అనేసింది. అయిదు భాగాల్లో ఏది పెట్టినా ఇంతే. పైగా ప్రతి వైపూ చివరి కీర్తన కొంచెం గరగరమంటుంది.

చెన్నైలో ఒక షాపుకి ఫోన్ చేస్తే ఏమీ అడక్కుండానే కార్ట్రిడ్జి (సూది బిగించి ఉండే ముక్క) మార్చాలి, 18,000 అవుతుంది అన్నాడు. నిజంగా అంత పెట్టాలా? వినైల్ సౌండు గొప్పగా ఉంటుందని అందరూ అంటారు కదా, నాకైతే ఫోన్‌లో వింటేనే బాగుంది.

సైదాపేట రికార్డుల పిచ్చి

18,000 జేబులోనే పెట్టుకో తమ్ముడూ. ముందు రికార్డులు కడుగు. నలభై ఏళ్ల దుమ్ము ఆ గాడిలో కూర్చుని ఉంటుంది, సూది దాన్నే పాడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు, ఒకటి రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్, మెత్తటి బ్రష్. గాడి తిరిగినట్టే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి నిలబెట్టి ఆరబెట్టు, ఎండలో మాత్రం పెట్టొద్దు, తిరుపతి ఎండకి అప్పడంలా వంగిపోతుంది. వినైల్ అంటే మన బోరు పైపుల పీవీసీకి చుట్టమే.

గొంతు బరువు సంగతి, నాకైతే బెల్టు సాగిపోయిందనిపిస్తుంది. పాత మిషన్లలో అదే ముందు పోతుంది.

గిరింపేట రేడియో (చిత్తూరు)

బెల్టు సాగితే ఊగుతుందమ్మా, నిలకడగా బరువుగా రాదు. ఈ అబ్బాయి చెప్పేది నిలకడగా ఉండాది, అయిదు రికార్డుల్లోనూ ఒకటే తీరు. నాకు వేరే అనుమానం.

నాయనా, ఒక పని చెయ్. రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అతికించు, పళ్లెం తిరిగేటప్పుడు కనిపించేలా. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని సరిగ్గా మూడు నిమిషాలు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. సూది కింద పెట్టే లెక్కపెట్టు, ఉత్తగా తిప్పొద్దు. ఎల్‌పీకి నిమిషానికి 33 చుట్లూ ఇంకో మూడో వంతు, అంటే మూడు నిమిషాలకు వంద రావాలి. ఎన్నొచ్చిందో ఇక్కడ రాయి. తర్వాత మాట్లాడదాం. అంతదాకా ఎవరికీ డబ్బులు ఇవ్వొద్దు.

కొర్లగుంట కుర్రోడు

సార్, మూడుసార్లు లెక్కపెట్టా. ఒకసారి 83, ఒకసారి 84 (మధ్యలో అమ్మమ్మ పిలిచింది, అది నమ్మొద్దు), మళ్లీ 83.

గిరింపేట రేడియో

అనుకున్నా. రికార్డు పోలేదు, మిషనూ పోలేదు, సూది సంగతి తర్వాత చూద్దాం.

నువ్వు కొన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మాత్రమే తగ్గిస్తుంది. 230ని 110 చేస్తుంది, అంతే. కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో, ఆ ఫ్రీక్వెన్సీని అది ముట్టుకోదు. మన దేశంలో అది 50 హెర్ట్జ్, అమెరికాలో 60. పాత బెల్టు టర్న్‌టేబుళ్లలో చాలావాటికి సింక్రొనస్ మోటారు ఉంటుంది, దానికి వోల్టేజి కొంచెం ఎక్కువైనా తక్కువైనా లెక్కలేదు, ఫ్రీక్వెన్సీ ఎంతో దాన్ని పట్టుకునే తిరుగుతుంది. అక్కడ 60కి వంద చుట్లు తిరిగేది ఇక్కడ 50కి ఆరులో అయిదు వంతులే తిరుగుతుంది. వందలో ఆరుకి అయిదు వంతులంటే 83 మీద ఇంకొంచెం. నీకు అదే వచ్చింది చూడు.

వేగం అంత తగ్గితే పాట నెమ్మదించడం ఒక్కటే కాదు, శ్రుతి కూడా దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. మీ అమ్మమ్మ మగాయన అన్నది ఊరికే కాదు, ఆమె చెవి నీ చెన్నై షాపాయన కంటే నయం.

మందు ఏమంటే, మోటారు ఇరుసుకి బెల్టు తగిలే చిన్న పుల్లీ ఉంటుంది. దాన్ని లావు చెయ్యాల. ఎంత లావు అంటే బెల్టు మందం కూడా లెక్కలో కలుస్తుంది. పుల్లీ 15 మిల్లీమీటర్లు, బెల్టు 0.6 అనుకో. రెండూ కలిపి 15.6, దాన్ని 1.2తో గుణిస్తే 18.72, అందులోంచి మళ్లీ బెల్టు 0.6 తీసెయ్, 18.12 వస్తుంది. అదీ కొత్త పుల్లీ కొలత. నీ పుల్లీని వెర్నియర్‌తో కొలిచి ఇదే లెక్క వేసుకో. ఇత్తడితో గానీ అల్యూమినియంతో గానీ లేత్ షాపులో తిప్పిస్తే చాలు. అయితే మధ్య బెజ్జం వెంట్రుక వాసి కూడా పక్కకి జరగకూడదు. జరిగితే తంబూరా ఊయలెక్కినట్టు ఊగుతుంది.

అలిపిరి మెట్లు

ఇంత కష్టమెందుకు సామీ, అవే కీర్తనలు ఫోన్‌లో ఉన్నాయి, గరగర లేదు, పుల్లీ లేదు, లేత్ షాపు లేదు. వినైల్ గొప్ప అనేది సగం ఫ్యాషనే అని నా అభిప్రాయం.

సైదాపేట రికార్డుల పిచ్చి

సగం ఫ్యాషన్ అనే మాట ఒప్పుకుంటా. వినైల్ అయినంత మాత్రాన సౌండు బాగుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. నా దగ్గరే నాలుగు వందల దాకా ఉన్నాయి, అందులో నిజంగా కూర్చుని వినాలనిపించేవి ఎనభై ఉంటాయేమో. మన దేశంలో అచ్చులో నొక్కి చేసిన వాటిలో కొన్ని కొత్తగా ఉన్నప్పుడే చిటపటమనేవి. రికార్డింగు బాగుండాలి, నొక్కడం బాగుండాలి, ముందు వాడినవాళ్లు మొండి సూదితో గాడిని కొరికేసి ఉండకూడదు, ఇన్ని కలవాలి. అట్ట మెరుస్తోందని కొంటే మోసపోతారు. రికార్డుని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, గాడి నల్లగా నిగనిగలాడాలి, బూడిద రంగుకి తిరిగితే దాన్ని తినేశారని అర్థం. పైపైన గీతలు కనిపించినా నేను పెద్దగా భయపడను, బూడిద రంగుకే భయపడతా.

అయితే ఈ పంచరత్నమాల మటుకు, బాగున్న కాపీ బాగున్న మిషన్ మీద వింటే, అలిపిరి గారూ, మీరే మాట మారుస్తారు. 1980 ప్రాంతంలో టీటీడీ పూనుకుని చేయించిన రికార్డులు అవి. అందులో అన్నమయ్య కీర్తనలు కొన్నిటికి బాణీ కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు. సుబ్బులక్ష్మి గారితో పాటు వెనక రాధా విశ్వనాథన్ గారు పాడతారు. ఫోన్ స్పీకర్లో ఆ రెండు గొంతులూ కలిసిపోయి ఒకటే వినిపిస్తాయి. ఇందులో ఒకరి వెనక ఒకరు అర అడుగు ఎడంగా కూర్చున్నట్టు తెలుస్తుంది, చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం కూడా.

తమ్ముడూ, బెల్టు గురించి నేను చెప్పింది తప్పే, రేడియో మామ చెప్పిందే కరెక్ట్. నీ రెండో ప్రశ్నకి నేను చెప్తా. చివరి కీర్తన గరగర అందరికీ ఉండే బాధే. పళ్లెం ఒక చుట్టు తిరగడానికి ఎప్పుడూ 1.8 సెకన్లే. అంచు దగ్గర ఆ 1.8 సెకన్లలో సూది కింద దాదాపు 92 సెంటీమీటర్ల గాడి పోతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 38 సెంటీమీటర్లే. అంతే పాటని సగానికి తక్కువ జాగాలో కుక్కాలి. ఉండ్రాయిలాంటి గుండ్రటి సూది ఆ ఇరుకు మలుపుల్లో తిరగలేదు. కోడిగుడ్డు ఆకారంలో చెక్కిన సూదులు దొరుకుతాయి, అవి కొంచెం నయం. కార్ట్రిడ్జి సరిగ్గా బిగించకపోయినా అక్కడే బయటపడుతుంది. కొత్తది కొనేముందు దాన్ని తిన్నగా పెట్టి చూడు, సూది బరువు కూడా చూడు. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటే చాలు, దాని కాగితంలో ఎంత రాసుంటే అంత పెట్టు. తేలిగ్గా పెడితే రికార్డు అరగదని కొందరు అంటారు, అది ఉల్టా. మరీ తేలికైతే సూది గాడిలో ఎగిరెగిరి పడి ఎక్కువ పాడు చేస్తుంది.

కొర్లగుంట కుర్రోడు

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఒక తప్పు చేశా, చెప్తే తిడతారేమో. అడుగున ఉన్న ఆ బరువు రికార్డుల్లో ఒకదాన్ని మెడికల్ షాపు స్పిరిట్‌తో తుడిచా. దూది నల్లబడింది, మురికి పోతోందని సంతోషపడి ఇంకా గట్టిగా రుద్దా. ఇప్పుడు ఆ చోట తెల్లగా పాలిపోయింది. లేబుల్ మీద చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై అని ఉంది.

గిరింపేట రేడియో

అయ్యో నాయనా. ఉన్న పదింట్లో అదే దొరికిందా నీకు.

అవి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. వినైల్ కాదు, లక్కతో చేసినవి. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద పెట్టే లక్కే, ఏటికొప్పాక బొమ్మలకు పూస్తారు చూడు, అదే. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది, వడ్రంగులు పాలిష్ చేసుకునేదే అట్ల. నీ దూదికి అంటింది మురికి కాదు, పాట. మిగిలిన తొమ్మిదింటికీ స్పిరిట్ చూపించొద్దు, పొడి బ్రష్‌తో దులిపి పెట్టు. ఇంకోటి, నీ మిషన్‌లో 78 స్పీడు ఉన్నా ఆ సూదితో వాటిని వాడొద్దు. ఎల్‌పీ సూది కొన సుమారు 18 మైక్రాన్లు, 78 గాడికి 75 దాకా కావాల, పెద్ద కాలవలో గోలీ వేసినట్టు అడుగున దొర్లుతుంది.

ఆ పిళ్లై గారిది పారెయ్యొద్దు. పాలిపోయింది ఒక వైపేనా, రెండు వైపులా? నేను చిన్నప్పుడు మా నాయన దగ్గర ఆయన రికార్డులు విన్నా. నా దగ్గర 78 సూది ఉండాది. ఎప్పుడన్నా చిత్తూరుకి వస్తే పట్టుకురా, రెండో వైపు విందాం.

కొర్లగుంట కుర్రోడు

ఒక వైపే సార్, రెండోది ముట్టుకోలేదు. తప్పకుండా తెస్తా.

పుల్లీ సంగతి. రేణిగుంట రోడ్డులో ఒక లేత్ షాపులో ఇత్తడితో చేయించా, 350 తీసుకున్నాడు. మొదటిది మీరు భయపడినట్టే బెజ్జం పక్కకి జరిగింది, తంబూరా నిజంగానే ఊయలూగింది. వెనక్కి తీసుకెళ్లి చూపిస్తే "పాటకి ఇంత పట్టింపా" అని గొణుక్కుంటూనే డబ్బులు అడక్కుండా ఇంకోటి చేసిచ్చాడు. నిన్న రాత్రి మూడు నిమిషాలు లెక్కపెట్టా, వందకి కాగితం ముక్క ఒక పావు చుట్టు వెనక ఉంది. ఇది చాలు కదా?

కడిగిన రికార్డే పెట్టా. అమ్మమ్మ ఈసారి వంటింట్లోంచి వచ్చి కుర్చీలో కూర్చుంది. కాసేపు విని "రెండో గొంతు ఎవరిదిరా" అంది. అప్పుడే కరెంటు పోయింది, పళ్లెం మెల్లగా ఆగుతూ ఆగుతూ మళ్లీ మగాయన గొంతు వచ్చింది, ఇద్దరం నవ్వుకున్నాం.

సూది బరువు చూడ్డానికి త్రాసు కావాలి కదా. మా వీధిలో బంగారు కొట్టాయన దగ్గర గ్రాముల త్రాసు ఉంది, టర్న్‌టేబుల్ అక్కడికి మోసుకెళ్లాలా, లేక ఆయన్నే త్రాసుతో ఇంటికి పిలవాలా అని ఆలోచిస్తున్నా.

సైదాపేట రికార్డుల పిచ్చి

పావు చుట్టు అంటే ఏమీ లేదు, ఏ చెవికీ తెలియదు. ఆయన్ని పిలవొద్దు, నువ్వూ మొయ్యొద్దు. ఆన్‌లైన్‌లో సూదికని చిన్న త్రాసు దొరుకుతుంది, కొన్ని వందలే. కొలిచేటప్పుడు మాత్రం పళ్లెం తిరగకుండా ఆపి, త్రాసు పైభాగం రికార్డు ఎత్తుకే వచ్చేలా చూసుకో, చాలామంది అక్కడే తప్పుతారు.