ఇండోనేషియా ఆర్ట్ పేపర్‌లో రమిన్ కలప లేదని రుజువు ఎలా?

ప్రశ్న (భీమవరం, ఆఫ్‌సెట్ ప్రెస్): రొయ్యల ఎగుమతి కంపెనీకి 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద బ్రోషర్లు వేయాలండి. కాగితంలో వర్షారణ్యాల కలప, ముఖ్యంగా రమిన్, లేదని వాళ్ల విదేశీ పార్టీ రుజువు అడుగుతోంది. విజయవాడ డీలర్ దగ్గరున్నది ఇండోనేషియా సరుకు. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌సీ (కలప బాధ్యతగా చూసుకునే అడవులదని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థ) లోగో ఉంది. సరిపోతుందా, ల్యాబ్‌కి పంపాలా?

జవాబు 1: లోగో ఒక్కటే చాలదండి. దాని కింద ఎఫ్‌ఎస్‌సీ-సీ తర్వాత ఆరంకెల నంబరు ఉంటుంది. దాన్ని ఎఫ్‌ఎస్‌సీ సైట్‌లో కొట్టి మూడు చూడండి: సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందా, సస్పెండ్ అయిందా, అందులో కోటెడ్ పేపర్ (ఆర్ట్ పేపర్‌లా పైపూత ఉన్న కాగితం) రాసి ఉందా. చాలామంది మూడోది వదిలేస్తారు.

అసలు తేడా కొట్టేది డీలర్ దగ్గర. ఆయనకి చైన్ ఆఫ్ కస్టడీ సర్టిఫికెట్ (అడవి నుంచి మీ దాకా సరుకు ఎవరెవరి చేతులు మారిందో చూపే గొలుసులో ఆయనా ఉన్నారనే పత్రం) లేకపోతే గొలుసు అక్కడే తెగిపోతుంది, మిల్లు కాగితాలు ఎన్ని చూపించినా సరే. ఆయన బిల్లులో మీ సరుకు లైన్‌లోనే "ఎఫ్‌ఎస్‌సీ మిక్స్" లాంటి మాట, సర్టిఫికెట్ కోడ్ రెండూ ఉండాలి. లెటర్‌హెడ్ మీద లోగో అచ్చేసుకుంటే లెక్కలోకి రాదు. మీ ప్రెస్‌కి కూడా సర్టిఫికెట్ లేకుండా బ్రోషర్ మీద లోగో వేయకండి. ఇంకోటి, "మిక్స్" అంటే అంతా సర్టిఫైడ్ అడవి కలప అని కాదు. పార్టీ అది ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

జవాబు 2: రమిన్ సుమత్రా, బోర్నియో పీట్ (కుళ్లిన ఆకులూ కొమ్మలూ పేరుకున్న నేల) చిత్తడి అడవుల చెట్టు. ఇండోనేషియా 2001లో దాన్ని నరకడం ఆపేసింది, 2005 జనవరి నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. ఫర్నిచర్‌కీ ఫోటో ఫ్రేములకీ పోయే ఖరీదైన కలప కాగితంలోకి ఎందుకొస్తుందంటారా? అకేసియా తోటల కోసం కాలవలు తవ్వి, నీరు తీసేసి, అడవి మొత్తం నరికి దుంగలన్నీ మిల్లుకి తోలేస్తే అదీ వాటిలో కలిసిపోతుంది. చిప్పర్‌లో (దుంగల్ని ముక్కలు చేసే యంత్రం) పడ్డాక విడదీయడం ఎవరి వల్లా కాదు. పెరావాంగ్‌లోని ఇందా కియాట్ మిల్లు యార్డులో రమిన్ దుంగలున్నాయని 2012 మార్చిలో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ బయటపెట్టింది. దాని గ్రూపు ఆసియా పల్ప్ అండ్ పేపర్ సహజ అడవులు నరకడం ఆపుతున్నామని 2013 ఫిబ్రవరిలో ప్రకటించింది. మీ పార్టీ భయం గాలిలోంచి పుట్టింది కాదు.

జవాబు 3: ల్యాబ్ సంగతి. కాగితాన్ని నీళ్లలో నానబెట్టి పీచుగా విడగొట్టి, రంగు రసాయనం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. పీచు అన్నిట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చెట్టుని పట్టిచ్చేది నీటినాళాల కణాలు: వాటి ఆకారం, గోడల మీది గుంటల అమరిక. అకేసియా, యూకలిప్టస్ కాకుండా రకరకాల అడవి కలప కలిసిందా అన్నది దీంతో తేలొచ్చు. ఫలానా జాతి అని చెప్పాలంటే పోల్చుకోవడానికి ఆ చెట్టు నమూనా కూడా ఉన్న ల్యాబ్ కావాలి. డీఎన్ఏ పరీక్ష మీద ఆశ పెట్టుకోకండి, ఉడికించి బ్లీచ్ చేసిన గుజ్జులో అది మిగలడం కష్టం. పాత కాగితం కలిపిన సరుకైతే రిపోర్టుకి అర్థమే ఉండదు.

అచ్చు వేయని షీట్లు పంపండి, ఆర్ట్ పేపరని రాయండి, పైపూత తీసేశాకే పరీక్ష చేయాలి. బ్యాచ్ నంబరున్న లేబుల్ దాచుకోండి. రిపోర్టు ఆ బ్యాచ్‌కే చెల్లుతుంది, "లేదు" అని జీవితకాలపు హామీ కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి రాజమండ్రి మిల్లు కాగితం తీసుకుంటే?

జవాబు 1: కలప చిక్కు తగ్గుతుంది. అక్కడికి ప్రధానంగా వచ్చేది రైతుల సరుగుడు, సుబాబుల్. అయినా బిల్లు మీద ఎఫ్‌ఎస్‌సీ మాట, కోడ్ అడగాల్సిందే. కానీ అది మ్యాప్‌లితో (పైపూత లేని కాగితం) అండి, ఇంకు పీల్చేస్తుంది, రొయ్య ఫోటోలు చప్పగా వస్తాయి. ముందు ఒక ప్రూఫ్ తీసి పార్టీకి చూపించండి.