తాత గోల్డ్‌వాటర్, నాన్న రేగన్, కొడుకు ట్రంప్: ఇందులో అసలు కన్జర్వేటివ్ ఎవరు?

గోదారిగట్టు:
మా టీమ్‌లో ఒకతను అరిజోనా వాడు. వాళ్ళ తాత కాలేజీ రోజుల్లో, 1964లో, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ కోసం ఇంటింటికీ తిరిగాడట. నాన్న రేగన్ భక్తుడు. ఇతను ట్రంప్ టోపీ లేనిదే గడప దాటడు. పండక్కి ముగ్గురూ కలిస్తే 'నేనే అసలు కన్జర్వేటివ్‌ని, మీరు కాదు' అని ఒకటే గొడవట. ఆ పార్టీలో ఈ మార్పు ఏ ఎలక్షన్‌తో మొదలైంది? చర్చి ఇందులోకి ఎప్పుడొచ్చింది? ఇక్కడే పుట్టిన మన పిల్లలు ఎటు మొగ్గుతున్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫ్రిస్కో_శీను:
ఎలక్షన్ సంగతి తెలీదు కానీ 2025 సెప్టెంబర్ 19న మాత్రం బాగా మారింది బ్రదర్. కొత్త హెచ్-1బి పిటిషన్‌కి లక్ష డాలర్లు! హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి ఆఫర్ ఇచ్చిన కంపెనీ ఆ సోమవారం నుంచి ఫోన్ ఎత్తితే ఒట్టు. 'లీగల్‌గా వచ్చినవాళ్ళ జోలికి రిపబ్లికన్లు రారు' అని 2024లో మా వాట్సాప్ గ్రూపులో చెవిలో జోరీగలా పోరిన పెద్దలు ఇప్పుడు గుడ్ మార్నింగ్ కూడా పెట్టడం లేదు. రేగన్ 1986లో సంతకం పెట్టిన చట్టంతో కాగితాల్లేని వాళ్ళే దాదాపు 27 లక్షల మంది లీగల్ అయ్యారు. ఆ పార్టీ, ఈ పార్టీ ఒకటేనా?

పాతకాపు_1984:
శీను బాబూ, ఆవేశం తగ్గించుకో. నేను ఈ దేశం వచ్చింది 1984లో, రేగన్ 49 రాష్ట్రాలు గెలిచిన ఏడు. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి వచ్చినవాణ్ణి కాబట్టి కాస్త అధికారంతోనే చెబుతున్నాను. రచయిత విలియం బక్లీ 1955లో నేషనల్ రివ్యూ అనే పత్రిక పెట్టి, పన్నులంటే పడని వ్యాపారులనీ, దేవుడు ముఖ్యమనే వాళ్ళనీ, కమ్యూనిస్టులంటే మండిపడే వాళ్ళనీ ఒక చోట చేర్చాడు. రేగన్ దాన్ని అధికారంలోకి తెచ్చాడు. పన్ను గరిష్ఠ రేటు 70 శాతం నుంచి 28కి దిగింది ఆయన హయాంలోనే. ఫ్రీ ట్రేడ్ అంటే ఆయనకి ప్రాణం. ట్రంప్ వచ్చి సుంకాలతో దాన్ని తగలబెట్టాడు. మార్పంటే ఇదే.

బుల్లెట్_బాబ్జీ:
ఫ్రీ ట్రేడ్ ప్రాణమా? అంకుల్, 1983 ఏప్రిల్‌లో 700 సీసీ దాటిన విదేశీ బైకుల మీద 45 శాతం అదనపు సుంకం వేసిందెవరు? అప్పటికే ఉన్న 4.4తో కలిపి 49.4. అమెరికన్ బైక్ కంపెనీ హార్లీని జపాన్ నుంచి కాపాడటానికి. జపాన్ వాళ్ళు తక్కువ తిన్నారా? 750 ఇంజన్లని కుదించి 700 లోపుకి తెచ్చి దర్జాగా అమ్ముకున్నారు. అలా పుట్టిన హోండా నైట్‌హాక్ 700 మా గ్యారేజీలోనే ఉంది. ట్యాంకు లోపల తుప్పు, నాలుగు కార్బ్యురేటర్లూ మూసుకుపోయి ఉంటే విప్పి కడిగి బతికించాను. రేగన్ సుంకానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

పాతకాపు_1984:
అది ఐదేళ్ళకని, ఏటా తగ్గేలా వేసిన తాత్కాలిక సుంకం. 1987లోనే ఎత్తేశారు. దానికీ, ప్రపంచం మొత్తం మీద వేసే సుంకానికీ పోలికేమిటి? రేగన్ ప్రసంగాలు లైవ్‌లో చూసినవాణ్ణి నేను.

బుల్లెట్_బాబ్జీ:
టీవీలో చూస్తే ఎక్స్‌పర్ట్ అయిపోతారా? 1987లో ఎత్తేసింది హార్లీ వాళ్ళే 'మాకిక అక్కర్లేదు' అని అడిగాక. అదే ఏడాది జపాన్ టీవీలు, కంప్యూటర్లు, పవర్ టూల్స్ మీద 100 శాతం వేశాడు. 1981లో జపాన్ చేత కార్ల ఎగుమతులు 'స్వచ్ఛందంగా' తగ్గించుకునేలా చేశాడు. ఇవీ తాత్కాలికమే అంటారా?

ఒహాయో_రత్నం:
మీరిద్దరూ బైకు దిగితే ఒక మాట. ఈ కథ గోల్డ్‌వాటర్‌తో మొదలవలేదు. మా ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్‌ని 'మిస్టర్ రిపబ్లికన్' అనేవారు. 1949లో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసిన 13 మందిలో ఆయనొకడు. సుంకాలంటారా, 1890 మెకిన్లీ చట్టం, 1930 స్మూట్-హాలీ చట్టం రెండూ రిపబ్లికన్లవే. 1924లో వలసలకి కోటాలు బిగించి, ఆసియా వాళ్ళకి దాదాపు తలుపులు మూసిన చట్టం మీద సంతకం రిపబ్లికన్ అధ్యక్షుడు కూలిడ్జ్‌ది. 1952లో టాఫ్ట్ నామినేషన్ పోరులో ఐసెన్‌హోవర్ చేతిలో ఓడాడు. తర్వాత సోవియట్ భయం ఉన్నన్నాళ్ళూ సుంకాలు, వలస ఆంక్షలు అనే ఆ పాత బట్టలు ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. 1991లో సోవియట్ కూలింది. 1992లోనే పాట్ బుకానన్ అనే రిపబ్లికన్ నేత వాటిని దులిపి తొడుక్కుని, అధికారంలో ఉన్న సొంత పార్టీ అధ్యక్షుడి మీదే పోటీకి దిగాడు. న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో 37 శాతం దాకా లాగాడు. ట్రంప్ మనవడిలా కనిపిస్తున్నాడు కానీ నిజానికి ముత్తాత.

అన్నట్టు ఐసెన్‌హోవర్ కాలంలో పన్ను గరిష్ఠ రేటు 91 శాతం. సోషల్ సెక్యూరిటీని (ప్రభుత్వ వృద్ధాప్య పింఛనుని) ఎత్తేసే పార్టీ పేరు మళ్ళీ వినపడదని 1954లో అన్న ఎడ్గర్‌కి రాసిన ఉత్తరంలోనే రాశాడాయన. ఇవాళ అలా అంటే ఏ పార్టీ అనుకుంటారో మీకే తెలుసు.

ఫ్రిస్కో_శీను:
ముత్తాతో మనవడో, మా తమ్ముడి లక్ష డాలర్లు ఎవరు కడతారండీ?

తణుకు_రాజు:
ఎంత తిట్టుకున్నా వైస్ ప్రెసిడెంట్ మన గోదారి అల్లుడే. ఆయన భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకులది మా పక్కన వడ్లూరే. 😊

ఫ్రిస్కో_శీను:
అయితే అల్లుడు గారికి చెప్పి ఆ ఫీజులో ఒక సున్నా తీయించండి సార్.

మైథిలి_అట్లాంటా:
చర్చి ప్రశ్నని అందరూ దాటేశారు. మా వీధిలో అందరూ బాప్టిస్టు క్రైస్తవులే. అబార్షన్ మీద వాళ్ళది మొదటినుంచీ ఒకటే మాట అనుకుంటారు. కానీ 1971లో సదరన్ బాప్టిస్టుల సమావేశమే, అత్యాచారం, తల్లి ఆరోగ్యం లాంటి సందర్భాల్లో చట్టం వీలివ్వాలని తీర్మానం చేసింది. ఈ మాట మా పక్కింటావిడకి చెబితే నెల రోజులు ముఖం తిప్పుకుంది. 1967లో కాలిఫోర్నియా గవర్నర్‌గా అబార్షన్ నిబంధనలు సడలించిన బిల్లు మీద సంతకం చేసింది రేగనే. 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్‌వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టాక లెక్కలు మారాయి. గోల్డ్‌వాటర్‌కి ఆ పాస్టర్లంటే అస్సలు పడేది కాదు. ఆయన భార్య పెగ్గీ ఫీనిక్స్‌లో ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే కుటుంబ నియంత్రణ సంస్థ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. సైన్యంలో గే సైనికులు ఉంటే తప్పేంటని 1993లో అన్న పెద్దమనిషి ఆయన.

వరంగల్_వాసు:
గోల్డ్‌వాటర్‌ని మరీ మంచోణ్ణి చేయకండి మేడమ్. 1964 పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిండు. గెలిచింది ఆరు రాష్ట్రాలు. సొంత అరిజోనా తీసేస్తే మిగిలిన అయిదూ డీప్ సౌత్, అంటే దక్షిణాది రాష్ట్రాలు. మిసిసిపీలో 87 శాతం! నల్లవాళ్ళని ఓటు దగ్గరికి రానివ్వని రోజుల్లో వచ్చిన 87 అది. పార్టీ ఎక్కడ మారిందంటే నేనైతే అక్కడే వేలు పెడతా.

పాతకాపు_1984:
వాసూ, సగం చదివి మాట్లాడకు. 1957 పౌరహక్కుల చట్టానికి ఆయన అనుకూలంగా ఓటేశాడు. 1964లో అభ్యంతరం హోటళ్ళు, ఉద్యోగాల గురించిన రెండు భాగాల మీదే. ప్రైవేటు ఆస్తి హక్కు అనే సిద్ధాంతం అది.

వరంగల్_వాసు:
హోటలోడు 'నీకు అన్నం పెట్టను పో' అంటే అది వాడి ఆస్తి హక్కా? అంకుల్, చాయ్ హోటల్లో మావాళ్ళకి వేరే గ్లాసు పెడితే చూసి పెరిగినోణ్ణి. ఆ సిద్ధాంతం నాకు చెప్పకండి. మీరు 1984లో దిగి బేఫికర్‌గా ఇల్లు కొనుక్కున్నారంటే ఆ చట్టాల పుణ్యమే.

పాతకాపు_1984:
వ్యక్తిగత విషయాల్లోకి రావద్దు. మోడరేటర్ గారు గమనించాలి.

ఒహాయో_రత్నం:
వాసు గారు అన్నదాంట్లో వ్యక్తిగతం ఏముంది? మనలాంటి వాళ్ళకి తలుపు తెరిచిన 1965 వలస చట్టం కూడా ఆ ఊపులో వచ్చిందే. రిపబ్లికన్లు కూడా పెద్ద సంఖ్యలో ఓటేసిన చట్టమది. ఆ ఓట్లు ఇవాళ పడతాయా అన్నది అడగండి.

మోడరేటర్:
హెచ్-1బి పోస్టులు వీసా విభాగానికి మారుస్తున్నాం. అంకుల్ అన్నా, బాబూ అన్నా ఇబ్బంది లేదు, వెటకారం మాత్రం వద్దు.

డాలస్_కిరణ్:
బాబ్జీ గారూ, నాదీ నైట్‌హాక్ 700, 86 మోడల్. కార్బ్యురేటర్ కిట్ ఎక్కడ దొరికింది? లింక్ పెట్టరా ప్లీజ్.