అప్‌డేట్: డ్రిల్ మెషీన్ నిప్పురవ్వల సంగతి తేలింది

పాత డ్రిల్ మెషీన్ ఆన్ చేస్తే గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు వస్తున్నాయని, ఆగి ఆగి తిరుగుతోందని అడిగాను కదా. మోటార్ కాలిపోలేదు, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయంతే. విప్పి చూస్తే ఒకటి గోరంత మిగిలింది, దాని స్ప్రింగ్ నల్లబడి బిగువు పోయింది. రెండూ జతగానే మార్చమన్నవాళ్లకు థ్యాంక్స్. సరిగ్గా ఆ సైజు దొరకలేదు. కాస్త మందంగా ఉన్నవి తెచ్చి, హోల్డర్‌లో తేలిగ్గా జారేదాకా సన్నటి ఉప్పుకాగితం మీద రుద్దాను. బ్రష్‌లు ఆనే గుండ్రటి భాగం, అంటే కమ్యుటేటర్, రాగి పట్టీల మధ్య పేరుకున్న నల్లపొడిని టూత్‌బ్రష్‌తో దులిపేశాను. తర్వాత లోడ్ లేకుండా కాసేపు తిప్పాను, బ్రష్ కొన ఆ గుండ్రానికి తగ్గట్టు అరిగి కూర్చోవాలి మరి.

ఇప్పుడు సన్నటి నీలి మెరుపు తప్ప ఏమీ లేదు, అది మామూలే. కొత్తది కొనేయమన్న రిపేరు షాపాయనకు ఇంకా చూపించలేదు! చక్ బిట్‌ని గట్టిగా పట్టడం లేదు, దాని పని వచ్చే ఆదివారం.